నాలుగు వేళ్ల ఎత్తు

“మేస్త్రీ, మనిషి పడుతూ ఉంటే కళ్లారా చూస్తూ కూడా ఆ రాయిని అట్లే ఉంచడం మంచిదేనా?” అని జరీనా అడిగింది.

దేరంగుల సుంకన్న జవాబు చెప్పలేదు. ఆయన అలవాటే అంత. చిన్న ప్రశ్న అడిగితే చేతికి గడ్డపార ఇచ్చి ఏదో ఒక పని చెబుతాడు. పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్లకే జవాబు దొరుకుతుంది, లేదా అడిగిన సంగతే మరిచిపోతారు. పెద్ద ప్రశ్న అయితే ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోతాడు. వాదించడం ఆయనకు చేతకాదు. వాదనతో ఒక్క రాయి కదలడం కూడా తన అరవై మూడేళ్లలో చూడలేదంటాడు.

సుంకన్నవాళ్లు వడ్డెరలు, రాతిపనివాళ్లు. తాత చెరువుకట్టలు వేశాడు. తండ్రి బావులు తవ్వాడు, రోడ్లకు కంకర కొట్టాడు. కంకర మిషన్లు వచ్చాక సుంకన్న చేతిలో సమ్మెట మిగిలింది గాని పని మిగల్లేదు. ఆ రోజుల్లో, లావు టైర్ల సైకిళ్ల మీద గుట్టలెక్కి దిగే క్లబ్బువాళ్లు కొందరు వచ్చి, కొండ మీద నుంచి కిందికి సైకిల్ దారి వేసిపెట్టమన్నారు. సుంకన్న నవ్వాడు. “దారి వేయించుకునేది కొండెక్కడానికి. పడడానికి కూడా వేయించుకుంటారా?” అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు దారి పక్కన కూర్చుని చక్రాలను చూశాడు. వాననీళ్లు ఎటు పోతాయో, చక్రం ఎక్కడ జారుతుందో, భయపడ్డ మనిషి చెయ్యి బ్రేకు మీద ఎక్కడ బిగుసుకుంటుందో చూశాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గుట్టల్లో అలాంటి దారి కావాలంటే ఆయన కోసమే వస్తారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, సైకిల్ పోటీల్లో జిల్లా దాటి పోయిన జరీనా కూడా అలాగే వచ్చి పని నేర్చుకుంటోంది. తాను ఆయన శిష్యురాలినని చెప్పుకుంటుంది. ఆయన మాత్రం ఎవరికైనా పరిచయం చేసేటప్పుడు “మా దగ్గర రాళ్లు మోసే పాప” అంటాడు.

జరీనా అడిగింది ఎర్రబోడు మీద ఉన్న ఒక బండ గురించి. ఆ గుట్ట మీద సుంకన్న మూడు దారులు వేస్తున్నాడు. ఆకుపచ్చ బోర్డు ఉన్నది పిల్లలతో వచ్చేవాళ్లకు. అది వెడల్పుగా గుట్టను చుట్టుకుంటూ మెల్లగా దిగుతుంది. నీలం బోర్డుది కొంత అలవాటైనవాళ్లకు. నల్ల బోర్డుది చెయ్యి తిరిగినవాళ్లకు. బోర్డును ఎవరూ నమ్మరని ఆయనకు తెలుసు. తనకు వచ్చినదానికంటే ఒక మెట్టు పైనున్న రంగే తనదని ప్రతివాళ్లూ అనుకుంటారు. అందుకని నల్లదారి మొదట్లోనే, పది గజాలు పోకముందే, అడ్డంగా మోకాలెత్తు బండ ఒకటి పాతాడు. సైకిల్ దిగకుండా దాన్ని ఎక్కాలి. ముందుచక్రాన్ని గాల్లోకి లేపి, ఒళ్లు ముందుకు వేసి, వెనకచక్రాన్ని పైకి లాక్కోవాలి. రానివాళ్లు అక్కడే పడతారు. నడకంత వేగంతో, మెత్తటి మట్టిలో పడతారు. మోచెయ్యి దోక్కుపోతుంది, నలుగురిలో పరువు పోతుంది, అంతే. పక్కనే నీలం దారిలోకి తిరిగే మలుపు ఉంటుంది. ఆ బండను సుంకన్న గడప అంటాడు. ఆయన వేసిన దారులన్నిటికీ కట్టుబాటు ఒకటే. గడపకంటే కష్టమైనది లోపల ఉండకూడదు. గడప దగ్గర అడగని ఒడుపును లోపల ఎక్కడా అడగకూడదు. అందుకే గడప దాటినవాళ్లను ఆపొద్దంటాడు.

దారి పైభాగం పూర్తయింది కాబట్టి ఆదివారాలు క్లబ్బువాళ్లు వచ్చి తొక్కి చూస్తున్నారు. వాళ్లలో సుభాషిణి అని, బ్యాంకులో పనిచేసే నలభై ఎనిమిదేళ్ల ఆవిడ, వరసగా తొమ్మిది ఆదివారాలు గడప దగ్గరే పడింది. తొమ్మిదోసారి బండ అంచు తగిలి గడ్డం చీలింది. జరీనాయే రక్తం తుడిచి గుడ్డ అదిమిపట్టింది. “వచ్చే వారం కూడా వస్తాను. నువ్వు దూది ఇంకొంచెం ఎక్కువ తెచ్చిపెట్టు” అని ఆవిడ నవ్వుతూనే అంది. కారు ఎక్కి తలుపు వేసుకున్నాక మాత్రం స్టీరింగ్ మీద తల ఆనించి చాలాసేపు లేవలేదు. జరీనా అది చూసింది.

“నాలుగు వేళ్లు తగ్గిస్తే చాలు మేస్త్రీ,” అంది సుంకన్నతో. “అంచును కొంచెం వాలుగా చెక్కి, కింద చక్రం ఎక్కడానికి ఆసరాగా ఆపురాయి ఒకటి పెడితే ఆమె ఎక్కేస్తుంది. నేనే చేస్తా. ఎవరికీ తెలియదు. ఆమెకు కూడా తెలియనివ్వను.”

సుంకన్న ఆమె ముఖంలోకి చూశాడు. “నాలుగు వేళ్లని నీకెవరు చెప్పినారు?”

“ఎవరు చెప్పాల? చూస్తే తెలుస్తా ఉంది.”

“అవును. చూస్తే తెలుస్తాది,” అన్నాడాయన. పనిముట్లు సంచిలో వేసుకుంటూ, “రేపు పనికి రావద్దు. కదిరికి పోవల్ల. మంచి గుడ్డలు వేసుకో,” అన్నాడు.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కారు. సుంకన్న చేతిలో సంచి నిండా గుట్ట మీద కోసిన సీతాఫలాలు. ఏటా ఈ రోజుల్లో ఆయన కదిరిలో ఒక ఇంటికి వెళ్లివస్తాడు. ఎవరి ఇంటికో, ఎందుకో పనివాళ్లెవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ రోజు బస్సులో జరీనాకు చెప్పాడు. తల తిప్పకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

ఏడేళ్ల కిందట గద్దలగుట్ట మీద కూడా ఆయన ఇలాంటి దారే వేశాడు. దానికీ ఒక గడప పెట్టాడు. నరహరి అనే లెక్కల మాస్టారు ప్రతి ఆదివారం కదిరి నుంచి అక్కడికి వచ్చేవాడు. నలభై మూడేళ్ల మనిషి. చక్కెర జబ్బు రాబోతోంది, ఒళ్లు తగ్గించుకోమని డాక్టరు చెబితే సైకిలెక్కి, అది అంతటితో ఆగకుండా గుట్టల దాకా వచ్చాడు. పదకొండు ఆదివారాలు గడప దగ్గర పడ్డాడు. క్లబ్బు కుర్రాళ్లు ఏడిపించేవాళ్లు.

“సారూ, ఈ వారం రాయికి ఎన్ని మార్కులు వేసినారు?”

“రాయి ఫస్ట్ క్లాసులో పాసయిందిరా. సారే ఫెయిలు,” అని ఆయనా నవ్వేవాడు.

పదకొండో ఆదివారం భార్యనూ పదేళ్ల కూతురినీ వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల ఎదుటే పడ్డాడు. “నాన్నా, ఎప్పుడూ అదే చోట ఎందుకు పడతావ్?” అని ఆ పిల్ల అడిగింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, జారని గొలుసును సరిచేసుకుంటున్నట్టు సైకిల్ పక్కన అటు తిరిగి కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. ఆ వీపును సుంకన్న చూశాడు.

శనివారం సాయంత్రం పనివాళ్లు వెళ్లిపోయాక సుంకన్న ఉలీ సుత్తీ తీసుకుని గడప దగ్గర కూర్చున్నాడు. అంచు వాలుగా చెక్కాడు, అడుగున ఆపురాయి ఒకటి సర్ది మన్ను కప్పాడు. నాలుగు వేళ్లు తగ్గింది. అరగంట పని. ఇప్పుడు ముందుచక్రాన్ని లేపకపోయినా అది ఆ వాలు మీదుగా దొర్లుకుంటూ ఎక్కేస్తుంది. ఒక్కసారి ఎక్కితే ఆ మనిషి మనసు కుదుటపడుతుంది, సోమవారం బండను మార్చేద్దాం అనుకున్నాడు.

ఆదివారం నరహరి మాస్టారు ఎక్కాడు. పైన నిలబడి కేక పెట్టాడు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. ఆయన సైకిల్ పడేసి దిగి వచ్చి, అందరూ చూస్తుండగా సుంకన్న కాళ్లకు దండం పెట్టాడు. ఒక లెక్కల మాస్టారు రాతిపనివాడి కాళ్లు ముట్టుకోవడం ఆ కుర్రాళ్లెవరూ అంతకు ముందు చూసి ఉండరు. “నా ఉద్యోగం కూడా మామ సిఫారసుతో వచ్చింది మేస్త్రీ. ఇదొక్కటి నాదే,” అన్నాడు.

తర్వాత మళ్లీ సైకిలెక్కి లోపలి దారి వైపు తిప్పాడు. సుంకన్న హ్యాండిల్ పట్టుకున్నాడు. “ఇయ్యాలటికి చాలు సారూ. వచ్చే వారం పోదురులే.”

“గడప దాటినవాణ్ని ఆపొద్దు అనే కట్టుబాటు మీదే గదా మేస్త్రీ?”

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఇరవై మంది చూస్తున్నారు. మనిషి ముఖం వెలిగిపోతోంది. ఆ మాట సుంకన్న నోట రాలేదు. చెయ్యి వదిలేశాడు.

అక్కడి నుంచి మూడువందల గజాల దూరంలో, వాలుగా ఉన్న పెద్ద బండ మీద దారికి అడ్డంగా మూరెడు చీలిక ఉంది. ముందుచక్రాన్ని లేపితే అది లెక్కలోకే రాదు. గడప ఎక్కగలిగినవాళ్లకు అదే ఒడుపు. వెనకాల వస్తున్నవాడొకడు “సారూ, దిగి నడవండి, దిగండి!” అని అరిచాడు. “గడపే రానిచ్చింది, నువ్వెవడ్రా!” అని మాస్టారు నవ్వుతూ అనడం వాడికి వినిపించింది. చక్రం లేవలేదు, చీలికలో దిగబడింది. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి బండ కింద పడ్డాడు. నడుము విరిగింది. నడుము కింది భాగం ఆ రోజు నుంచి ఆయనది కాదు.

మంచుకు బండ తడిసి ఉందని అందరూ అన్నారు. సుంకన్న ఏమీ అనలేదు. మంగళవారం ఆ గడప బండను పెకలించి, ముక్కలు కొట్టి, కొత్తది నిలబెట్టాడు. మోకాలెత్తు సరిగ్గా కొలిచి మరీ పెట్టాడు.

“ఆ ఇంట్లో ఎవురికీ తెల్లీదు,” అన్నాడు బస్సు కదిరిలో ఆగుతుంటే. “నువ్వు నోరు మూసుకుని కూచోవల్ల.”

ఆ ఇంటికి గడపలు లేవు. వీధి వాకిలి నుంచి పెరటి దాకా ప్రతి తలుపు కిందా గడపను కోసేసి సిమెంటుతో నున్నగా చదును చేశారు. పండగలకు పసుపు రాయడానికి చోటు లేక నరహరి భార్య కుముద ద్వారబంధాల పక్కన గోడకే రాస్తున్నట్టుంది, పసుపు మరకలు కనిపిస్తున్నాయి. మాస్టారు చక్రాల కుర్చీని తానే తిప్పుకుంటూ ఎదురొచ్చాడు. చేతులు మాత్రం పహిల్వాను చేతుల్లా ఉన్నాయి.

“రండి మేస్త్రీ, రండి! కుముదా, కాఫీ. మేస్త్రీకి చక్కెర తక్కువ. ఈ అమ్మాయి ఎవరు?”

“మా దగ్గర రాళ్లు మోసే పాప సారూ.”

“అంటే శిష్యురాలన్నమాట. అదృష్టవంతురాలివమ్మా,” అన్నాడు మాస్టారు జరీనాతో. “ఈయన దగ్గర ఊరికే ఏదీ దొరకదు. అదిగో చూడు.”

గోడ మీద పెద్ద ఫోటో. బండ పైకెక్కుతున్న సైకిల్, దాని మీద నోరంతా తెరిచి కేక పెడుతున్న మనిషి. ఫోటోలో ముందుచక్రం గాల్లోకి లేవలేదు, రెండు చక్రాలూ రాతికి ఆనుకునే ఉన్నాయి. జరీనా చక్రాలు చదవడం నేర్చుకుంటున్న మనిషి. ఆమెకు వెంటనే కనిపించింది. ఏడేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ కనిపించలేదు.

“పదకొండు వారాలు పడ్డా. పన్నెండో వారం ఎక్కినా. పడినది నా అజాగ్రత్త. పొద్దున్నే మంచు పడింది, బండ తడిగా ఉండింది, చూసుకోవాల్సింది. ఒడుపు లేక పడలేదు. ఒడుపు ఉండింది. అదిగో సాక్ష్యం,” అన్నాడు మాస్టారు. “కుర్చీలో కూచున్న మొదటి ఏడాది బుర్రలో పిచ్చి ఆలోచనలు వచ్చేవి. కుముద నన్ను ఈ ఫోటో ముందరికి తోసేది. అంతే, ఊరుకునేవాణ్ని.”

“ఆ పిచ్చి ఆలోచనల సంగతి కొత్తమనిషి ముందర ఎందుకు?” అంటూ కుముద కాఫీ గ్లాసులు పెట్టింది. సీతాఫలాలు తీసి పళ్లెంలో పేర్చింది. “ఈ ఏడు కాయలు పెద్దవే మేస్త్రీ.”

“వానలు బాగా పడినాయమ్మా.”

అప్పుడు లోపలి నుంచి కూతురు తన్మయి వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. చంకలో హెల్మెట్. దాని మీద ధర చీటీ ఇంకా అలాగే ఉంది.

“ఇదిగో, నేను మీకోసం ఎదురుచూసింది ఇందుకే,” అన్నాడు మాస్టారు. “మా పిల్ల సైకిల్ నేర్చింది. ఎర్రబోడుకు పంపమంటుంది. వాళ్లమ్మ వద్దంటుంది. నేను తీర్పు చెప్పినా. సుంకన్న మేస్త్రి గడప రానిస్తే పో, రానీకపోతే వచ్చేయ్. ఆ రాయి అబద్ధం చెప్పదు. ఎన్నిసార్లు పడినా మానొద్దు, పన్నెండో వారం నాకొచ్చినట్టు నీకూ ఒకరోజు వచ్చేస్తుంది, ఆ రోజు నిన్ను ఎవరూ ఆపరు అని చెప్పినా. సరిగ్గా చెప్పినానా మేస్త్రీ?”

సుంకన్న గ్లాసు కింద పెట్టాడు. కాఫీ సగం అలాగే ఉంది. జరీనా చెయ్యి తెలియకుండానే ఆయన మోచెయ్యి మీదికి వెళ్లింది. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టాడు.

“సారూ, ఆ రాయి నేను చెక్కినాను.”

“తెలుసు. కొండలో రాళ్లన్నీ మీరు చెక్కినవే గదా?”

“కాదు సారూ. మీరు ఎక్కిన దినానికి ముందు రోజు, శనివారం పొద్దుగూకినాక. నాలుగు వేళ్లు తీసినా. అంచు వాలుగా చేసి కింద ఆపు పెట్టినా. చక్రం ఎత్తకుండానే ఎక్కేట్టు చేసినా.”

మాస్టారు నవ్వబోయాడు. సుంకన్న ముఖం చూసి ఆగిపోయాడు. కుర్చీని మెల్లగా తిప్పి ఫోటో వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. లెక్క తప్పిన చోటును వెతుక్కుంటూ పై నుంచి కిందికి దిగే మాస్టారి చూపు అది. వెనకచక్రం దగ్గర ఆగింది, ముందుచక్రం దగ్గర ఆగింది.

“నాలుగు వేళ్లంటే మూడంగుళాలు,” అన్నాడు చివరికి. “మోకాలెత్తులో ఆరోవంతు.” ఆ లెక్క ఎవరికోసం చెప్పాడో తెలియదు. “ఎందుకు చేసినావ్?”

అంతవరకు సుంకన్నను ‘మీరు’ అన్న మనిషి.

“మీరు అట్ల పడతా ఉంటే చూడలేకపోయినా సారూ. ఆ పాప అడిగిన దినం, మీరు అటు తిరిగి కూచున్నారు. చూడలేకపోయినా.”

“నిన్ను చూడమన్నానా?”

మాస్టారు గొంతు పెంచలేదు. బళ్లో చివరి బెంచీ దాకా వినిపించేటట్టు మాట్లాడే అలవాటున్న మనిషి, ఆ గదిలో ఉన్నవాళ్లకు మాత్రమే వినిపించేటంత చిన్నగా మాట్లాడాడు.

“పడినవాణ్ని నేను. దెబ్బ నాది, నవ్వులపాలయింది నేను. నాకది సరిపోయింది. ఇంకో వారం, ఇంకో పది వారాలు పడేవాణ్ని. రాకపోతే నీలం దారిలో తొక్కుకునేవాణ్ని, నడుచుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ని. చూడలేకపోయింది నువ్వు. నీ కండ్ల సుఖం కోసం నా రాయి తీసేసినావ్.”

“అవును సారూ.”

“హ్యాండిల్ పట్టుకున్నావ్. అప్పుడైనా చెప్పలేదు.”

“అందరూ చూస్తా ఉండిరి. మీ మొగం అట్ల ఉండింది. నోరు రాలేదు.”

“ఆసుపత్రికి వచ్చినావ్. అప్పుడూ చెప్పలేదు.”

“మీకు అదొక్కటే మిగిలిందనుకున్నా సారూ.”

కుముద వాకిలి దగ్గర నిలబడి ఉంది. “ఏడేండ్లు,” అంది. “ఏడేండ్లు మా ఇంట్లో కాఫీ తాగినావు. చక్కెర తక్కువ అని గుర్తు పెట్టుకుని కలిపినాను.” పళ్లెంలోని సీతాఫలాలను ఒక్కొక్కటే సంచిలో వేసింది. ఒకటి మెత్తబడి ఉంటే దాన్ని కూడా జాగ్రత్తగానే పెట్టింది. సంచిని తీసుకెళ్లి వీధి వాకిలి బయట నేల మీద పెట్టి వచ్చింది.

మాస్టారు చక్రాలు తిప్పుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. ఆ చదును నేల మీద కుర్చీ చప్పుడు కూడా చేయలేదు. లోపల నుంచి, “తన్మయీ, ఆ ఫోటో దించు,” అన్నాడు. పిల్ల కదల్లేదు. మళ్లీ, “వద్దులే. ఉండనీ. దించితే దాని కింద గోడ తెల్లగా కనిపిస్తుంది,” అన్నాడు.

సుంకన్న లేచి తలపాగా చుట్టుకున్నాడు. బయటికి వచ్చి, నేల మీది సంచిని ముట్టుకోకుండా దాటాడు. తన్మయి వెనకాలే వచ్చింది. హెల్మెట్ ఇంకా చంకలోనే ఉంది.

“ఎర్రబోడు మీద రాయి ఎంత ఎత్తు?” అని అడిగింది. తాతా అనలేదు, మేస్త్రీ అనలేదు.

“మోకాలెత్తు తల్లీ.”

“నిజమేనా?”

“టేపు తెచ్చుకో. కొలుచుకో. తొక్కే ప్రతిసారీ కొలుచుకో.”

పిల్ల తలుపు వేసుకుంది.

బస్టాండు దాకా ఇద్దరూ నడిచారు. ఎర్రబోడు వైపు బస్సుకు ఇంకా గంట ఉందని చెప్పారు. జరీనా రెండు టీలు తెచ్చింది. సిమెంటు బెంచీ మీద సుంకన్న పక్కన కూర్చుంది. సుభాషిణి గురించి అడగలేదు. నాలుగు వేళ్ల మాట ఎత్తలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు ఆయన ఏం జవాబిచ్చాడో ఆమెకు తెలిసిపోయింది, లేదా తెలిసిందనుకుంది.

సుంకన్న చేతిలో టీ గ్లాసు వణుకుతోంది. బండలను పగలగొట్టిన చెయ్యి. టీ ఒలికి పంచె మీద పడుతున్నా ఆయన చూసుకోవడంలేదు. ఎదుటి బెంచీ మీది ముసలాయన ఒకడు, బిడ్డనెత్తుకున్న ఆడమనిషి ఒకామె చూస్తున్నారు. జరీనా కాసేపు ఓర్చుకుంది. తర్వాత ఆయన చేతిని తన రెండు చేతులతో పట్టుకుని గ్లాసు తీసుకోబోయింది.

“ఇన్నాళ్లకైనా చెప్పినారు మేస్త్రీ. మంచి పనే చేసినారు. మీరు అప్పుడు చేసింది కూడా చెడ్డ మనసుతో చేసింది కాదు గదా. సారుకు కూడా ఒకరోజు అర్థం…”

సుంకన్న గ్లాసు వదల్లేదు. ఆమె చేతుల్లోంచి తన చెయ్యి లాక్కున్నాడు. మిగిలిన టీ కూడా ఒలికింది.

“చూడలేకపోతే అటు తిరిగి కూచో పాపా,” అన్నాడు.